అప్పలసూరి దొంగ దీక్ష

అప్పలసూరి చేపలు తినడం మానేశాడన్న కబురు మా పేటలో తుఫాను హెచ్చరిక కంటే వేగంగా పాకింది. జాలరి కడుపున పుట్టి, పన్నెండేళ్లుగా మరబోటు నడుపుతున్న మనిషి పప్పుచారు పోసుకుని అన్నం తింటున్నాడంటే నమ్మేదెవరు? హార్బర్లో వేలం దగ్గర ఆడవాళ్లు ఆ మాట చెప్పుకుని పకపకా నవ్వారు. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాడనీ, ఆషాఢ పున్నమికి కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తాడనీ, అందాకా చేప, మాంసం, మందు, సిగరెట్టు, చివరికి పెళ్లాం పక్క కూడా మానేసి దీక్షలో ఉన్నాడనీ తెలిశాక నవ్వు ఆపేశారు. దేవుడి పేరు చెబితే మావాళ్లు ఇంక ఆరా తీయరు. ఆ సంగతి తెలిసే ఆ దీక్ష ఉపాయం వాడికి చెప్పాను. అవును, చెప్పింది నేనే. ఆ తప్పు ఇంకొకరి మీదికి నెట్టే దారి లేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నా పేరు గంగాధరరావు. పేటను ఆనుకుని ఉన్న ఆరోగ్య కేంద్రంలో హెల్త్ అసిస్టెంటుని. టీకాల రిజిస్టర్లు రాయడం, దోమల మందు కొట్టించడం, వచ్చినవాళ్లకు బీపీ, షుగరు చూడటం నా ఉద్యోగం. నేనూ జాలరి కొడుకునే. ఇంటరు పాసవడంతో సముద్రం తప్పింది, అంతే తేడా. అప్పలసూరీ నేనూ ఒకే బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఇప్పటికీ బావా అంటే బావా అనుకుంటాం. వాడి భార్య చిట్టెమ్మ నన్ను అన్నయ్యా అంటుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం, ఓపీ అయిపోయి డాక్టరమ్మ వెళ్లిపోయాక వచ్చాడు. వేటనుంచి ముందురోజే తిరిగొచ్చాడట. కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, తలుపు దగ్గరికి వేసొచ్చి మళ్లీ కూర్చున్నాడు. టీకాలు పెట్టే ఫ్రిజ్ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"బావా, నీకొకటి సెప్తాను. ఎవుళికీ సెప్పనని ఒట్టెయ్యి."

"ఏటైందిరా?"

"ముందు ఒట్టెయ్యి."

వేశాను. అప్పుడు కూడా నా మొహం చూడలేదు.

"మగోడిగా పనికి రాకుండా పోయాను బావా. రెండేళ్లయింది."

రెండేళ్లు! పదిహేను రోజులు సముద్రంలో, మూడు రోజులు ఒడ్డున ఉండే బతుకు వాడిది. ఆ మూడు రోజులూ తప్పతాగి పడుకుని నెట్టుకొచ్చేశాడు. కానీ ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ప్రభుత్వం వేట ఆపేస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పేటలో మొగుడూ పెళ్లాలు ఒకచోట ఉండేది ఆ అరవై ఒక్క రోజులే. మా పేటలో సగంమంది పిల్లలు చలికాలంలో పుట్టేది అందుకే. మిగతావాళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ఆ రెండు నెలలూ వీడికి శిక్షగా మారాయి. పోయినేడాది నిషేధం రోజుల్లో గోపాలపట్నం హైవే పక్కన గుడారం వేసుకున్నవాడి దగ్గర లేహ్యం కొనుక్కుని తిన్నాడట. మూడు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి తప్ప మరేమీ జరగలేదు. మగవాడికి ఈ ఒక్క విషయంలో ఎంత బుర్ర పాడవుతుందో నాకు ఉద్యోగంలో బాగానే తెలుసు. పన్ను నొప్పెడితే పేటంతా చెప్పుకుంటాడు, ఇదొస్తే మాత్రం గుడారాల చుట్టూ తిరుగుతాడు.

"చిట్టెమ్మ ఏమంటుంది?" అని అడిగాను.

"ఏటీ అన్దు. అసలు అడగదు."

అడగదు. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. రెండేళ్ల కిందటే చిట్టెమ్మకు గర్భసంచి తీసేశారు. ఆ ఆపరేషనుకు దగ్గరుండి కాగితాలు రాయించింది నేనే. ఆమె కోలుకునేసరికి వీడికి ఈ బాధ మొదలైంది. రెండూ వేరువేరు సంగతులు. కానీ ఒక ఇంట్లో ఒకేసారి జరిగినవాటిని మనుషులు వేరువేరుగా చూడరు. నేను కూడా చూడలేకపోయాను, ఎందుకంటే ఆమెవైపు నుంచి ఆలోచించనే లేదు.

మర్నాడే వాణ్ణి వెంటబెట్టుకుని ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టరు కుర్రవాడే గానీ ఓపిక ఉన్నవాడు. రక్తం తీయించాడు, ఈసీజీ తీయించాడు, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించాడు. బీపీ ఎక్కువ, షుగరు అంచున ఉంది, కొవ్వు ఉంది, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు ఉన్నాయి. గుండె ఇంకా బాగానే ఉందన్నాడు. "రక్తనాళాలు సన్నబడితే మొదట తెలిసేది అక్కడే. గుండెకు రాబోయేది ముందుగా చెప్పిందనుకోండి, మీ అదృష్టం" అన్నాడు. మాత్రలు ఉన్నాయి గానీ ముందు బీపీ తగ్గాలి, సిగరెట్టు మానాలి, ఒళ్లు కదలాలి అన్నాడు. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు, ఊపిరి ఎగపోసేంత వేగంగా నడక. ఆరు నెలలు. అందరికీ పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేనుగానీ చాలామందికి మెరుగవుతుందని కూడా అన్నాడు.

అప్పలసూరికి రోషం వచ్చింది. "సముద్రంలో సచ్చేలా పనిజేసేటోళ్లం. మాకు నడకేటి బాబూ?"

"మీరు వల లాగుతారా?"

వల లాగేది కలాసీలు. డ్రైవరు పన్నెండేళ్లుగా చక్రం దగ్గర స్టూలు మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తాడు. పొట్ట చొక్కా గుండీలను నెట్టుకొస్తోంది. ఆ సంగతి నాకూ ఆరోజే కంటికి ఆనింది.

డాక్టరు ఫిజియోథెరపీ గదికి పంపించాడు. అక్కడున్నది పాతవూరి అమ్మాయి, మెహక్. పాతికేళ్లుంటాయేమో. ఆమెను చూడగానే అప్పలసూరి వెనక్కి తిరిగాడు. చొక్కా పట్టుకుని ఆపాను. ఆ పిల్ల ఇలాంటివాళ్లను రోజూ చూస్తుంది కాబోలు, నవ్వలేదు, గొంతు తగ్గించనూ లేదు.

"కాకా, కూర్చోండి. ఒంట్లో చెయ్యికి కండరం ఉంది, కాలికి ఉంది. కింద కూడా ఉంది. పని చెప్పకపోతే ఏ కండరమైనా నీరసపడిపోతుంది. మూత్రం వస్తుంటే మధ్యలో ఆపుకుంటారు చూడండి, అప్పుడు బిగిసేది అదే. ఇప్పుడు కూర్చునే దాన్ని బిగించండి. అయిదు లెక్కపెట్టండి. వదిలేయండి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట బిగించకూడదు."

అప్పలసూరి కళ్లు మూసుకుని మొహం ఎర్రగా చేసుకున్నాడు. "ఊపిరి, కాకా, ఊపిరి!" అంటోంది ఆ అమ్మాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు చెయ్యమంది. బోటు నడుపుతూ కూడా చేసుకోవచ్చు, పక్కవాడికి తెలియను కూడా తెలియదు అంది. మేం లేచి వస్తుంటే చివరగా ఒక మాట చెప్పింది.

"ఈసారి చిన్నమ్మను తీసుకురండి కాకా. ఇది ఒక్కరికే వచ్చిన జబ్బు కాదు, ఇద్దరికీ తెలియాలి."

వాడు తలూపాడు. ఆ తలూపడం చూసి నేనూ నమ్మాను.

బయటికొచ్చాక పట్టుకున్నాడు. "కింద కండరం ఎవుడికీ కనబడదు, అది సేత్తాను. నడక ఎలగ బావా? పేటలో పనీ పాటూ లేకుండా జోరుగా నడిసేవోడు ఎవుడైనా ఉన్నాడేటి? ఏటైందిరా అని అడుగుతారు. షుగరో బీపీయో అని సెప్తే ఓనరు ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడు." అది నిజమే. బీచ్ రోడ్డులో బూట్లు వేసుకుని నడిచే జనం వేరు, మేం వేరు. మా దగ్గర మగవాడు సముద్రానికి నడుస్తాడు, సారా కొట్టుకు నడుస్తాడు, ఆ రెండూ కాకపోతే ఇల్లు వదిలి ఇంకెక్కడో మరిగాడంటారు.

అప్పుడే నాకు ఆ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు. దానికి ఆరు నెలల ముందునుంచీ నడక అలవాటు చేసుకుంటున్నానంటే తప్పు పట్టేదెవరు? దీక్ష అంటే సిగరెట్టూ మందూ వాటంతటవే పోతాయి. నూనెలో తేలే వేపుళ్లు పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, చిట్టెమ్మకు జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు. డాక్టరు చెప్పినవన్నీ ఒక్క మొక్కులో ఇమిడిపోయాయని చంకలు గుద్దుకున్నాను. వాడైతే నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

ఆరోజునుంచి అప్పలసూరి చెప్పినట్టల్లా చేశాడు. ఒడ్డున ఉన్న రోజుల్లో తెల్లారగట్ల స్నానం చేసి, నొసట నామం పెట్టుకుని, ఇసుకలో తీరం వెంట అప్పూఘర్ పార్కు దాకా వెళ్లి వచ్చేవాడు. సముద్రంలో ఉన్నప్పుడు బోటుమీదే. చక్రం ఉన్న గది వెనకనుంచి వలకుప్ప దాకా పదకొండు అడుగులు పోను, పదకొండు అడుగులు రాను. నలభై నిమిషాలు. "మా డ్రైవరుగోరు సింహాచలం కొండని బోట్లోకి తెచ్చేసినాడు" అని కలాసీలు ఆటపట్టించేవారు. నెల తిరిగేసరికి వాళ్లే తోవలో తాళ్లు అడ్డం లేకుండా తీసి పెట్టడం మొదలుపెట్టారు. మొదటి రెండు వారాలు సిగరెట్టు లేక పిచ్చెక్కినట్టు కలాసీల మీద అరిచాడట. నామం చెరుపుకుని ఒక్క దమ్ము లాగుదామనుకున్నాడట కూడా. చెరపలేకపోయాడు. ఏప్రిల్లో వేట ఆగేనాటికి ఏడు కిలోలు తగ్గాడు. బీపీ దిగింది. మెడ కనబడింది. నా రిజిస్టరులో వాడి అంకెలు చూసుకుని నేనే బరువు తగ్గినంత సంబరపడ్డాను.

ఆ సంబరంలో నాకు కనబడనిదంతా చిట్టెమ్మ ఇంట్లో జరుగుతోంది.

చిట్టెమ్మ చేపలమ్ముతుంది. వేకువనే హార్బర్లో వేలం పాడి, తట్ట నింపుకుని, మరో నలుగురితో ఆటో ఎక్కి గోపాలపట్నం మార్కెట్టుకు వెళ్తుంది. మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. నిషేధం రోజుల్లో కూడా, ఆ నిషేధం వర్తించని తెప్పలవాళ్ల చేపలు అమ్ముకునేది. దీక్షలో ఉన్నవాడికి వండాలంటే చేపల చేతులతో కుదరదు కదా. అందుకని ఇంటికొచ్చి తలస్నానం చేసి, చీర మార్చి, వేరే పొయ్యిమీద వేరే గిన్నెల్లో ఉల్లిపాయ లేకుండా వండేది. మళ్లీ సాయంత్రం స్నానం. మోచేతుల దాకా నిమ్మచెక్క పెట్టి రుద్దుకునేది. అంత చేసి అన్నం పెడితే ఆ మహానుభావుడు తిని, చాప తీసుకుని అరుగుమీదికి పోయేవాడు. ఒకటి కాదు రెండు కాదు, అరవై ఒక్క రోజులు. చుట్టుపక్కల ఇళ్లల్లో మొగుళ్లూ పెళ్లాలూ కీచులాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, పిల్లల్ని వేసుకుని సినిమాలకు పోతున్నారు. ఈ ఇంట్లో మాత్రం పప్పుచారు, నామం, అరుగుమీద చాప.

మే నెల చివర్లో ఆమె బీపీ చూపించుకోవడానికి వచ్చింది. పట్టీ చుట్టి గాలి కొట్టాను. అంకె చూసి నేను ఉలిక్కిపడ్డాను.

"ఏటమ్మా, నిద్ర పట్టడం లేదా?"

"నన్నొక మాట అడగనియ్యి అన్నయ్యా. ఆస్పత్రిలో పనిజేత్తావు కాబట్టి అడుగుతన్నాను. గర్భసంచి తీసేస్తే ఆడది ఆడది కాకుండా పోద్దా?"

"ఎవరన్నారు అలాగని?"

"ఎవుళూ అనక్కర్లేదు. నాకు ఆపరేషనైన కాడినుంచి మీ బావ నన్ను ముట్టలేదు. తాగొచ్చి పడుకుంటే తాగాడు గదా అనుకున్నాను. ఇప్పుడు తాగట్లేదు. సిగరెట్టు లేదు. కొత్త పెళ్లికొడుకులాగ అయినాడు. నన్ను మాత్రం దేవుడి మీద ఒట్టేసి దూరం పెట్టినాడు. అడిగితే దీచ్చ అంటాడు. రోజుకి రెండుసార్లు నీళ్లోసుకుంటన్నాను అన్నయ్యా. నా దగ్గర ఇంకా సేపల కంపు ఒస్తందేటి? నా మీద అసయ్యం పుట్టి, ఆ మాట అన్లేక అప్పన్నని అడ్డం పెట్టుకున్నాడు."

ఏడుపు శబ్దం బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నిజం తెలుసు. ఒక్క వాక్యం చాలు: "జబ్బు నీది కాదమ్మా, వాడిది; నీకోసమే నడుస్తున్నాడు." ఆ వాక్యం గొంతుదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. ఉద్యోగ ధర్మం గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఈ దీక్ష నా సలహా అని బయటపడుతుందన్న భయమూ గుర్తొచ్చింది. "అలాంటిదేం లేదమ్మా, లేనిపోనివి ఊహించుకోకు. ఈ మాత్ర రోజూ వేసుకో" అన్నాను. ఆమె మాత్రలు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వాణ్ణి పట్టుకున్నాను. వలకు దారం కడుతూ ఒడ్డున ఒక్కడే కూర్చున్నాడు.

"ఒరే, ఇంటికెళ్లి చిట్టెమ్మకి అంతా చెప్పెయ్. ఆవిడ కుంగిపోతోంది."

"సెప్తాను బావా. పూర్తిగా తగ్గనీ. రోగం అని సెప్పేదానికన్నా, తగ్గాక..." సిగ్గుపడి ఆగిపోయాడు. "అప్పుడింక సెప్పక్కర్లేదు గదా. దానికే తెలుస్తాది."

అదీ వాడి లెక్క. నోటితో చెప్పకుండా తప్పించుకోవాలి, అంతే. తిట్టాను. వాడు నవ్వుతూ దారం కట్టుకుంటూ పోయాడు.

జూన్ మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నడకకు వెళ్లొచ్చి ఇంకా చెమట ఆరలేదు. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"బావా, ఒచ్చింది బావా. నాలుగు రోజులనుంచి చూత్తన్నాను. నిద్దర్లేచేసరికి, కుర్రోడికి మల్లే... మళ్లీ ఒచ్చింది."

వాడు అంత ఆనందంగా ఉండటం పెళ్లినాడు కూడా నేను చూడలేదు. "ఇంకేం, పో. నామం చెరిపేసి ఇంటికి పో" అన్నాను.

వాడి మొహం మారిపోయింది. "ఎలగ పోతాను? దీచ్చ ఉంది గదా."

"ఏం దీక్షరా? అది మనం కల్పించుకున్నది!"

"అలగనకు బావా." రెండు చెంపలూ వాయించుకున్నాడు. "మొదట్లో దొంగదే. కాదన్ను. కానీ అయిదు నెలలు ఆయన పేరు మీదే నీళ్లోసుకున్నాను. ఆయన పేరు మీదే నడిసినాను. ఆ అమ్మాయి సెప్పిన కసరత్తు కూడా ఆయన పేరు లెక్కెట్టుకుంటానే సేసినాను. మద్దిలో ఆపేత్తే ఆయన ఊరుకుంటాడా? ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే? రేపు పదిహేనుకి మళ్లీ బోటెక్కాల. దేవుడితో ఏళాకోళం ఆడి సముద్రం మీదికి ఎలగ ఎల్లమంటావు? నెల్రోజులే గదా. కొండ తిరిగొచ్చి దీచ్చ దిగుతాను."

ఉప్పునీళ్ల మీద బతికేవాడికి ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్న కూడా సముద్రం మీద దేవుడి పేరుతో అబద్ధమాడేవాడు కాదు. వాడి మందు నడక అని నాకు తెలుసు, డాక్టరుకు తెలుసు. వాడికి మాత్రం అది అప్పన్న ఇచ్చిన వరం అయిపోయింది. ఇద్దరం కలిసి అల్లిన అబద్ధాన్ని వాడొక్కడు నిజం చేసుకుని కూర్చున్నాడు. చిట్టెమ్మకైనా ఒక మాట చెప్పరా అంటే, దీక్షలో ఉండగా అలాంటి మాటలు నోట రాకూడదన్నాడు. నెలరోజులే గదా అని నేనూ సర్దుకున్నాను.

గిరి ప్రదక్షిణ రోజున నేను వాడితో వెళ్లాను, కొండ మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేదాకా. అక్కడ లక్షలమంది. వాడు కాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, జనంలో కలిసిపోయాడు. ఆరు నెలల కిందట మేడమెట్లు ఎక్కితే ఆయాసపడ్డ మనిషి ఆ రాత్రంతా హనుమంతవాక, అప్పూఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం అన్నీ చుట్టి తెల్లారేసరికి మళ్లీ కొండ కిందికొచ్చాడు. ఎక్కడా కూర్చోలేదని తర్వాత గర్వంగా చెప్పాడు. కొండెక్కి అప్పన్న దర్శనం చేసుకుని ఇంటికెళ్లి పడుకున్నాడు. చిట్టెమ్మ ఇంట్లో లేదట, పరవాడలో ఉన్న కూతురు ఆశ దగ్గరికి వెళ్లి ఉంటుందనుకున్నాడట.

తర్వాత జరిగింది వాడు నాకు మూడోరోజున చెప్పాడు. ఆరోగ్య కేంద్రంలో, మళ్లీ అదే కుర్చీలో కూర్చుని.

మర్నాడు సాయంత్రం చిట్టెమ్మను పిలిచి, దీక్ష అయిపోయింది, కోనాం పులుసు వండమన్నాడు. ఆమె మారుమాట లేకుండా వండింది. ఆరు నెలల తర్వాత వాడు చేపముక్క కొరికాడు. మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు. కాళ్లు నొప్పెడుతున్నట్టు ఆమె గోడ పట్టుకుని నడవడం చూసి కూడా అడగలేదు, వాడి ఆలోచన వేరే ఉంది. చెయ్యి కడుక్కుని, అరుగుమీది చాప చుట్టి, ఇంట్లోకి తెచ్చి ఆమె చాప పక్కన పరిచాడు.

చిట్టెమ్మ ఆ చాపను చూసింది. తన చాప చుట్టి తీసుకుని అరుగుమీదికి నడిచింది.

"ఏటి, ఎక్కడికి?" అన్నాడు వీడు.

"మొన్న నువ్వొక్కడివే తిరగలేదు కొండ. నానూ తిరిగినాను. మార్కెట్టు ఆడోళ్లతో, నీ ఎనకాలే. తొలిపావంచా కాడ కాయ కొట్టి మొక్కినాను. 'నా మొగుడికి నా మీద లేని ఆశ, నాకు మాత్రం ఎందుకు సామీ, తీసేయ్. బతికున్నన్నాళ్లు ఏరే పడుకుంటాను' అని మొక్కినాను. నీకు నాను అడ్డం అని నాకు రెండేళ్లనుంచి తెలుసు. ఇంక నువ్వు దేవుణ్ణి అడ్డం పెట్టుకోనక్కర్లేదు."

ఆపరేషను పొట్టతో ముప్పై రెండు కిలోమీటర్లు. అరికాళ్లు రెండూ బొబ్బలు.

అప్పుడు చెప్పాడు వీడు. జబ్బు సంగతి, లేహ్యం సంగతి, ఆసుపత్రి, మెహక్, దొంగ దీక్ష, నేను, అంతా వాంతి చేసుకున్నట్టు చెప్పేశాడు. ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆమె చివరిదాకా విందట. వినీ, "నీ రోగం గంగాధరం అన్నయ్యకి తెలుసు. ఆస్పత్రిలో ముక్కూమొహం తెలీని పిల్లకి తెలుసు. నాకు తెల్దు" అని, అరుగుమీద చాప పరుచుకుని అటు తిరిగి పడుకుందట.

"ఒళ్లు బాగైంది బావా," అన్నాడు అప్పలసూరి నాతో. "ఏటి సేసుకోను దీన్ని?"

ఆగస్టులో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు భుజం తట్టాడు. బీపీ మందు సగానికి తగ్గించాడు. ఇలాగే నడుస్తూ ఉండమన్నాడు. మెహక్ మాత్రం గుమ్మంవైపు చూసి, "చిన్నమ్మ రాలేదా కాకా?" అని అడిగింది. వాడు కాగితాలు మడతపెట్టుకుని బయటికి నడిచాడు.

నాకు తోచిన పని ఒకటే. మొక్కు విడిపించాలి. తెలిసిన పూజారిని కనుక్కున్నాను. పొరపాటున మొక్కుకున్నది, అపరాధం చెప్పుకుని, తప్పు చెల్లించుకుంటే స్వామి మన్నిస్తాడన్నాడు. ఆ మాట పట్టుకుని చిట్టెమ్మ కోసం ఎదురుచూశాను. వినాయక చవితి వెళ్లాక మాత్రలకు వచ్చింది. పట్టీ చుట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాను ఇక్కడ కూకుని ఏడిసిన రోజున నీకు తెలుసు గదా?"

ఒట్టు అనొచ్చు, ధర్మం అనొచ్చు.

"తెలుసమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది. పూజారి చెప్పిందంతా గబగబా చెప్పాను. రేపే వెళ్దాం, నేనే తీసుకెళ్తాను, తప్పంతా నాదని నేనే స్వామికి చెప్పుకుంటాను అన్నాను. మాత్రల చీటీ నా చేతిలోంచి తీసుకుంటూ విన్నది.

"అప్పన్న ఒదిలేత్తాడు, నాకు తెలుసు. ఆయన దయగలోడు," అంది. "దేవుడు ఒప్పుకుంటాడు. నాకే మనసు ఒప్పట్లేదు."

తట్ట నెత్తిన పెట్టుకుని ఎండలోకి వెళ్లిపోయింది. ఆమె వెనక లైనులో ఉన్న మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. నేను పట్టీ అందుకున్నాను.